చోందమ్మ రెండో తూటా

శ్రీమంగళ
27 జూలై 1989

దేచమ్మకి బెళ్ళియప్ప అజ్జ దీవెనలు.

మీ నాన్న మాచయ్య ఇచ్చిన తంతి ఇవాళ పొద్దున చేరింది. మా చోందమ్మక్క పోయి అప్పటికే నాలుగో రోజట. తంతి కూడా ఈ వానకి గొడుగేసుకుని నడిచొచ్చినట్టుంది. చూడగానే చెప్పులేసుకుని బస్టాండుకి పరిగెత్తాను. కండక్టరు చేతులు తిప్పుతూ ఏదో చెప్పాడు. నాకు చెవుడని తెలిసీ ఇంకా గట్టిగా అరిచాడు. చివరికి టిక్కెట్టు వెనకాల రాసి చూపించాడు, కావేరి పొంగి మీ నాపోక్లు రోడ్డు మునిగిపోయిందని. అక్కడే బల్ల మీద కూలబడి ఏడ్చాను. డెబ్బై ఆరేళ్ల సుబేదారు బస్టాండులో ఏడుస్తుంటే జనం చూడరా మరి? చూశారు. చూడనీ.

నీకు తాయి, మీ నాన్నని కన్నతల్లి. నాకు మాత్రం వెనకా ముందూ ఉన్నది ఆ ఒక్క అక్కే. "ఒరే బెళ్ళీ" అని పిలిచే మనిషి ఇక లేదు. పిలిచినా వినబడి చావదనుకో, కానీ ఆమె పెదాలు కదిలితే చాలు, తిట్టో పిలుపో నాకు తెలిసేది.

నువ్వు అన్నీ రాయాలి. చివరగా ఏం తింది, ఏమంది, ఎవర్ని తిట్టింది. ఎవర్నీ తిట్టకుండా పోయిందంటే నేను నమ్మను. అన్నిటికంటే ముందు ఇది రాయి: తుపాకీ మోతలు రెండూ ఎవరు మోగించారు? మొదటిదాని వెనకే రెండోది బాగా పలికిందా?

ఎందుకడుగుతున్నానో నీకు తెలుసు. మన కొడవ జాతి ఇళ్లలో మగపిల్లాడు పుడితే ఒక మోత, మనిషి పోతే రెండు. ఆడపిల్ల పుడితే తుపాకీ లేదు, కంచు కంచం మీద గరిటెతో కొట్టి ఊరుకుంటారు. అక్క పుట్టినప్పుడు మా అమ్మమ్మ కంచమే కొట్టింది. నాలుగేళ్లకి నేను పుడితే మా నాన్న తుపాకీ పేల్చాడు. ఆ మోతకి జడిసి అక్క మంచం కింద దూరిందట. ఇక అప్పట్నించీ జీవితమంతా ఒకటే దెప్పు: "నీకేమో తుపాకీ, నాకేమో కంచమా? కంచం అన్నం తినడానికిరా, చాటింపెయ్యడానికి కాదు!" ఆ కంచం ఇంకా మా వంటింట్లోనే ఉంది. అంచు మీద గరిటె సొట్ట కూడా ఉంది. పుట్టింటికి వచ్చినప్పుడల్లా అక్క దాన్ని గోడవైపు తిప్పి పెట్టి గానీ భోజనానికి కూర్చునేది కాదు.

"పుట్టినప్పుడు ఎగ్గొట్టారు, పోయినప్పుడు ఎవడెగ్గొడతాడో చూస్తా. చచ్చాక ఆడా మగా ఒకటే, రెండు మోతలూ నావే" అనేది. అందుకే అడుగుతున్నాను. వెంటనే రాయి.

బెళ్ళియప్ప అజ్జ


నాపోక్లు
5 ఆగస్టు 1989

అజ్జా,

నీ ఉత్తరం చూసి అమ్మ ఏడ్చింది, నాన్న లేచి తోటలోకి వెళ్లిపోయాడు. నేను మాత్రం తంతి గొడుగేసుకుని రావడం దగ్గర ముందు నవ్వి, తర్వాత ఏడ్చాను. తిట్టుకోకు.

తాయి మంచాన పడ్డది కొద్ది రోజులే. ఆ కొద్ది రోజులూ ఇంటిల్లిపాదినీ పరుగులు పెట్టించింది. కాఫీలో బెల్లం చాల్లేదంది. కిటికీ తియ్యమంది. తీస్తే జల్లు కొడుతోందంది. మూస్తే "అప్పుడే నన్ను పెట్టెలో పెడుతున్నారేంటర్రా" అంది. చివరి రోజు పొద్దున బియ్యప్పిండి రొట్టె తేనెలో అద్దుకుని తింది. వెదురు కొమ్ముల కూర కావాలంది. అమ్మ వంటింట్లోకి వెళ్లి కూర తెచ్చేలోపే కళ్లు మూసింది. అప్పుడు నా చెయ్యి ఆమె చేతిలోనే ఉంది. అమ్మ గిన్నె పట్టుకుని గుమ్మంలో అలాగే నిలబడిపోయింది. ఇప్పటికీ మా ఇంట్లో ఆ కూర వండటం లేదు అజ్జా. ఎవరూ వద్దనలేదు, ఎవరూ అడగనూ లేదు.

ఆమె తుపాకీ ఆమె మంచం పక్కనే వేలాడుతోంది. పాత చీర ముక్కతో దాన్ని తుడిచే తీరు నీకు తెలియందా? మాకు తల దువ్వేటప్పుడు కూడా అంత మెత్తగా దువ్వేది కాదు. చుట్టాలెవరైనా "పిల్లలెందరమ్మా" అంటే "ముగ్గురు, పెద్దది అదుగో గోడకి వేలాడుతోంది" అనేది. నాన్న చిన్నప్పుడు నిజంగానే దాన్ని అక్క అనుకున్నాడట. వరిపొలంలో పంది దిగిందంటే మగాళ్లు కంబళ్లు వెతుక్కునే లోపల తాయి గట్టు మీద ఉండేది. మర్నాడు ఊరంతా పంది కూర తిని చేతులు నాకేవాళ్లు. ఆమె మాత్రం ఓ మూల కూర్చుని "గురి కాస్త పక్కకి పోయింది" అని బాధపడేది.

ఆ తుపాకీ ఎలా గెలిచిందో మాకు వెయ్యిసార్లు చెప్పింది. ఆయుధాల పండగనాడు కొబ్బరిచెట్టు చివర కాయ కట్టి, దాన్ని పగలగొట్టినవాళ్లకే ఈ తుపాకీ అని మీ నాన్న పందెం పెట్టాడట కదా. నువ్వు రెండు కళ్లూ మూసుకుని పేల్చావట. కాకి కూడా లేవలేదట. ఆమె పేలిస్తే కొబ్బరినీళ్లు మీ నాన్న మీసాల మీద పడ్డాయట. నిజమేనా?

మోతల సంగతి అడిగావు. నాన్నే పేల్చాడు. ఆ రోజు వాన దారుణంగా ఉంది. నీ పంటినొప్పి ఎలా ఉంది? ఒంట్లో జాగ్రత్త.

మా ఆయన నాణయ్య అంబాలా నుంచి రాశాడు. దసరాకి సెలవు దొరకదట. అందుకని నేను ఇంకా కొన్నాళ్లు ఇక్కడే ఉంటాను.

నీ దేచు


శ్రీమంగళ
19 ఆగస్టు 1989

దేచమ్మకి,

పంటినొప్పి అడిగినప్పుడే నాకు అనుమానం రావాల్సింది. నాకు పళ్లెక్కడున్నాయే?

మీ వైపునుంచి ఏలకుల వ్యాపారి వచ్చాడు. నా పలక మీద అంతా రాసి చూపించాడు. మా అక్క పోయిన రోజు మీ ఇంట్లో ఒక్కటంటే ఒక్కటే మోత వినబడిందట. ఊళ్లోవాళ్లు తేనె సీసాలు పట్టుకుని నవ్వుకుంటూ మీ ఇంటికి వచ్చారట. ఒక్క మోత అంటే ఏమిటి? కొడుకు పుట్టాడని! మా అక్క చచ్చిపోతే మీ ఇంట్లో కొడుకు పుట్టినట్టు చాటించారా? రెండో తూటాకి చేతులు రాలేదా? ఆ ఇంటి కోసం ఆమె ఎన్ని పందుల్ని కొట్టింది, ఎన్ని కడుపులు నింపింది! ఒక్క తూటా బరువైపోయిందా మీకు?

నువ్వు కూడా నా దగ్గర దాచావు. "నాన్నే పేల్చాడు" అని ఒక ముక్క రాసి, వాన మీదికి పోయావు.

ఆ తుపాకీ మా నాన్నది. మా ఇంటిది. వచ్చే నెల మొదట్లో ఆయుధాల పండగ, ఆలోపు దాన్ని శ్రీమంగళ పంపించెయ్యండి. దాని విలువ తెలియని గోడకి అది వేలాడక్కర్లేదు. మీ నాన్నకి ఈ ఉత్తరం చదివి వినిపించు. నెమ్మదిగా కాదు, గట్టిగా చదువు.

బెళ్ళియప్ప


నాపోక్లు
26 ఆగస్టు 1989

గౌరవనీయులైన సుబేదారు బెళ్ళియప్ప గారికి,

మీ ఉత్తరం నాన్నకి గట్టిగానే చదివి వినిపించాను. ఆయన అన్నం ముందునుంచి లేచి వెళ్లిపోయారు. మీకు తృప్తిగా ఉందనుకుంటాను.

ఇక జరిగింది వినండి. మీకు బాధ కలుగుతుందని దాచాను. దాచినందుకు నన్ను తిట్టండి, నాన్నని కాదు.

తాయి పోయే ముందురోజు నాన్నని పిలిచి "మాచా, తూటాల పెట్టె గోడ దగ్గర్నుంచి జరుపు, చెమ్మ పడుతుంది" అంది. నాన్న ఆఁ ఆఁ అన్నారు. అంతటి జబ్బు మనిషి తూటాల గురించి మాట్లాడుతుంటే ఎవరు పట్టించుకుంటారు? మర్నాడు నాన్న వాకిట్లోకి వెళ్లి ఆ జోడు గొట్టాల తుపాకీ ఎత్తారు. మొదటిది పేలింది. రెండోది పేలలేదు. తూటా తీసి ఇంకోటి పెట్టారు. అదీ టిక్కుమంది. ఇంకోటి. పెట్టెలో ఉన్నవన్నీ మార్చి మార్చి పెట్టారు. తల మీద వాన, చేతిలో తడిసిన తూటాలు. "అమ్మా, ఇంకొక్కటమ్మా, ఇంకొక్కటి" అంటూ ఆ మనిషి పసిపిల్లాడిలా ఏడుస్తూ మీట నొక్కుతూనే ఉన్నారు. నేనూ అమ్మా వెళ్లి లోపలికి లాక్కొచ్చాం.

ఇంతలో పక్కింటి గంగవ్వ తేనె సీసా పట్టుకుని, మోకాళ్లదాకా బురదతో నవ్వుతూ దిగబడింది. "ఇంత తొందరేంటే తల్లీ, నెలలైనా నిండలేదు కదే, ఏడీ మగాడు?" అంటూ తిన్నగా నా దగ్గరికొచ్చి నన్ను పైకీ కిందకీ చూసింది. "ఇదేంటే! కడుపు కడుపులోనే ఉంది!" అంది. అప్పుడు మంచం వైపు చూసింది. సీసా అక్కడే జారవిడిచి కూలబడింది. ఆమె వెనకాలే ఇంకో ఇద్దరొచ్చారు, వాళ్లూ నవ్వుతూనే. మేం ఏడుస్తున్నామో నవ్వుతున్నామో మాకే తెలియలేదు. తాయి లేచి ఉంటే అందరికంటే ఎక్కువ ఆమే నవ్వేది. ఆ మాటకి మళ్లీ ఏడ్చాం.

అవును, నాకు అయిదో నెల. మీకు మంచి మాటగా చెబుదామనుకున్నాను, ఇలా చెప్పాల్సొచ్చింది.

నాన్న ఆ రోజునుంచీ తుపాకీ ముట్టుకోలేదు. పండగకి దాన్ని తుడవనని, పూజలో పెట్టనని అంటున్నారు. మీకు కావాలంటే వచ్చి తీసుకెళ్లండి. నేను మాత్రం అడ్డుపడతాను.

ఇట్లు,
దేచమ్మ


శ్రీమంగళ
8 సెప్టెంబరు 1989

దేచూ,

నన్ను "మీరు" అన్నావు. మా కమాండింగ్ ఆఫీసరు కూడా నన్ను అంత భయపెట్టలేదు. ఇంకెప్పుడూ అనకు.

మాచయ్య వానలో నిలబడి ఒక్కో తూటా మార్చడం చదివాక నాకు రెండు రోజులు ముద్ద దిగలేదు. వాడితో చెప్పు, మామ నోరు ఫిరంగి పక్కన పెరిగిన నోరు, దానికి ఊరికే పేలడం అలవాటని. తుపాకీ అక్కడే ఉండనీ. నేను అడగలేదు, నువ్వు చదవలేదు. ఆ ఉత్తరం పొయ్యిలో పెట్టు.

అయిదో నెలలో ఉన్నదానివి బురదలో తిరగకు. నారింజలు పంపుతున్నాను. పుల్లగా ఉంటాయి, నీకు ఇప్పుడు అవే కావాలి.

పండగ ఇక్కడ బాగానే జరిగింది. తుపాకులకి గంధం పెట్టి, అగ్నిశిఖ పూలు గుచ్చాం. కుర్రాళ్లు కొబ్బరికాయలు కొట్టారు. నాకు ఈ లోకంలో ఇంకా వినబడేది తుపాకీ మోత ఒక్కటే. చెవితో కాదు, రొమ్ముతో. వింటూ అక్కని తలుచుకున్నాను. ఆ పందెం నాడు నేను రెండు కళ్లూ మూసుకున్నానన్నది పచ్చి అబద్ధం. ఒకటే మూశాను. రెండో కంట్లో ఎండ పడింది. ఇది అరవై ఏళ్లు మొత్తుకున్నా ఆమె ఒప్పుకోలేదు. ఇప్పుడు ఒప్పుకోడానికి మనిషే లేదు. నేను గెలిచినా ఎవరు చూస్తారు?

దేచూ, ఒక ముల్లు మాత్రం గుచ్చుకుంటూనే ఉంది. అక్కకి రెండో మోత ఇవ్వలేకపోయాం. ఇప్పుడు ఎలా ఇవ్వాలో ఎంత ఆలోచించినా తెగడం లేదు. ఒక్కటి పేలిస్తే గంగవ్వ మళ్లీ తేనె పట్టుకొస్తుంది. రెండు పేలిస్తే ఇంకెవరో పోయారని ఊరంతా వస్తుంది. పండగలో పేలిస్తే గుంపులో గోవిందా, అది అక్కదని ఎవరికి తెలుస్తుంది? అప్పుడు తట్టింది. నువ్వు కొడుకుని కను. వాడు పుట్టినప్పుడు ఎలాగూ ఒక మోత మోగించాలి. అదే అక్క రెండో మోత అనుకుందాం. కావేరమ్మకి మొక్కుకున్నాను. కొడుకే, చూస్తూ ఉండు.

నీ అజ్జ


నాపోక్లు
20 సెప్టెంబరు 1989

అజ్జా,

నారింజలు అందాయి. నిజంగానే పుల్లగా ఉన్నాయి. ఒక్కదాన్నే అన్నీ తినేశాను.

నీ ఉత్తరం నాన్నకి ఇచ్చాను. చదివి, తుపాకీ ఉన్న గోడ వైపు చాలాసేపు చూశాడు. ముట్టుకోలేదు గానీ చూశాడు.

ఇక నీ మొక్కు సంగతి. కొడుకుని కనమంటావు. మరి కూతురు పుడితే? మా అమ్మ కంచం తీసి గరిటెతో టంగుమని కొడుతుంది, అంతేనా? జీవితమంతా ఆ కంచం చప్పుడుకి మండిపడ్డ మనిషికి నువ్వు మోత ఇవ్వాలనుకుంటున్నావు. కానీ ఆ మోత మగపిల్లాడి పేరు మీదే ఇవ్వాలంటున్నావు. తాయి వింటే ఏమనేదో నేను రాయక్కర్లేదు. "ఒరే బెళ్ళీ, నీ చెవులతో పాటు బుర్ర కూడా ఫిరంగిలో పెట్టి పేల్చావా" అనేది.

నాకు భయంగా ఉంది అజ్జా. పురుడు గురించి కాదు. ఇప్పుడు ఇంట్లో అందరూ నా కడుపు వైపు చూసి ఆ మోత గురించే ఆలోచిస్తున్నారు. పుట్టేది ఆడపిల్లయితే, పుట్టగానే నలుగురి మొహాలూ చిన్నబోతాయి. నాన్నది మరీను. అలా చిన్నబోయిన మొహాలు చూస్తూ నా పిల్ల ఈ లోకంలోకి రావడం నాకిష్టం లేదు. నీ మొక్కు వెనక్కి తీసుకో. కావేరమ్మకి నేను వేరే చెప్పుకుంటాను.

కోపం లేదు. నువ్వు అనే అన్నాను చూడు.

దేచు


శ్రీమంగళ
14 డిసెంబరు 1989

దేచూ,

ఇన్నాళ్లు రాయలేదు. రాయడానికి కూర్చున్నప్పుడల్లా నీ ఉత్తరమే మళ్లీ చదివాను. నువ్వు రాసిన తిట్టు అచ్చం అక్క గొంతులోనే ఉంది. ఇంత చెవుడులోనూ వినబడింది.

కొత్త బియ్యం పండగ అయింది. "పొలి పొలి దేవా" అని పంట పెరగాలని కోరుతూ మొదటి కంకి కోశాం. ఆ కొత్త వడ్లు కొన్ని, కొత్త తేనె కొంచెం మా ఊరి కుర్రాడి చేత పంపుతున్నాను. వాటితో పాటు ఎండుమిరపకాయల డబ్బా ఒకటి ఉంటుంది. మిరపకాయల అడుగున చెయ్యి పెట్టు. కొత్త తూటా ఉంది. చెమ్మ దాని దరిదాపులకి కూడా రాదు, వచ్చినా తుమ్మి పారిపోతుంది.

అది మీ నాన్నకివ్వు. దేనికో నేను చెప్పను. మొక్కు వెనక్కి తీసుకున్నాను. కావేరమ్మకి ఇవి రోజూ చూసే గొడవలే.

అజ్జ


నాపోక్లు
21 జనవరి 1990

అజ్జా,

ఆడపిల్ల.

పడుకునే రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే సర్దుకో. మొన్న పొద్దున పుట్టింది. నల్లటి జుట్టు, చిన్న ముక్కు, పెద్ద నోరు. పుట్టిన దగ్గర్నుంచీ మంత్రసాని మీద అరుస్తూనే ఉంది. ఎవరి పోలికో చెప్పక్కర్లేదు.

మంత్రసాని "ఆడపిల్ల" అనగానే గది బయట మాటలు ఆగిపోయాయి. నేను కళ్లు మూసుకున్నాను. కాసేపటికి వంటింట్లో అమ్మ కంచం తీసిన చప్పుడయింది. సరే, ఇంతేలే అనుకున్నాను. ఏడుపొచ్చింది కూడా. కంచం మాత్రం మోగలేదు. నాన్న గొంతు వినబడింది: "అది అక్కడ పెట్టు. అన్నం తినే కంచం, దాన్నెందుకు కొడతావ్?" అమ్మ "మరి ఆచారం?" అంది. "ఆచారం మా అమ్మతో పోయింది, నువ్వు పక్కకి జరుగు" అన్నాడు. తర్వాత మిరపకాయల డబ్బా మూత తీసిన చప్పుడు, ఆ వెనకే నాన్న తుమ్ములు.

అజ్జా, అరనెల కాదు, అర ఏడాది ముట్టుకోని తుపాకీని గోడమీంచి తీశాడు. తాయి పాత చీర ముక్కతోనే తుడిచాడు. వాకిట్లోకి వెళ్లి పైకెత్తి "అమ్మా, ఇదుగో నీ రెండోది!" అని అరిచి పేల్చాడు. ఇల్లంతా అదిరింది. పిల్ల ఒక్క క్షణం ఏడుపు ఆపేసింది. జడుసుకుందేమో అనుకున్నాను. లేదు, కళ్లు పెద్దవి చేసి చూసింది. తర్వాత ఇంకా గట్టిగా అందుకుంది.

ఇక గంగవ్వ. పోయినసారి ఒక మోతకి నవ్వుతూ వచ్చి పరువు పోగొట్టుకుంది కదా. ఈసారి తెలివిగా జుట్టు విరబోసుకుని, గుండెలు బాదుకుంటూ వచ్చింది. "అయ్యో మాచయ్యా, ఎవరయ్యా పోయింది!" అని వాకిట్లోనే శోకాలు పెట్టింది. నాన్న తుపాకీ పట్టుకుని, తుమ్ముతూ, ఏడుస్తూ, నవ్వుతూ, "ఎవరూ పోలేదు గంగవ్వా, వచ్చింది" అన్నాడు. ఆమెకి అర్థమయ్యేసరికి చాలాసేపు పట్టింది. అర్థమయ్యాక "మీ ఇంటి మోతలకి నేనింక రానే రాను" అని తిట్టి, ఇంటికెళ్లి తేనె తెచ్చింది.

సాయంత్రం అమ్మ వెదురు కొమ్ముల కూర వండింది. ఎవరూ అడగలేదు.

నీకు వినబడిందా అజ్జా?

నీ దేచు


శ్రీమంగళ
27 జనవరి 1990

దేచూ,

వినబడలేదు. అబద్ధమెందుకు? నాపోక్లు ఎక్కడ, శ్రీమంగళ ఎక్కడ. ఆ పొద్దున నేను కాఫీపళ్లు ఎండబోస్తూ ఉన్నాను, నాకేమీ తెలియదు. కానీ నీ ఉత్తరం చదువుతుంటే రొమ్ములో పడింది. మూడుసార్లు చదివాను, మూడుసార్లూ పడింది.

మాచయ్యకి చెప్పు, వాడు కొడుకనిపించుకున్నాడని. నేను పలక మీద రాసి ఊళ్లో అందరికీ చూపించాను, మా ఇంట్లో పాపకి తుపాకీ పేల్చారని. ఒకరిద్దరు మూతి విరిచారు. విరుచుకోనీ. ఎవరేమన్నారో నాకు వినబడదు కదా. చెవుడుకీ ఓ సుఖం ఉంది.

వచ్చే శనివారం బస్సుకి వస్తున్నాను. రోడ్డు మునగలేదని కండక్టరు చేత రాయించుకున్నాను. నాతో ఒక బరువు తెస్తున్నాను. మా వంటింటి గోడకున్న కంచం. అక్క గోడవైపు తిప్పి పెట్టేదే, అదే. చింతపండు పెట్టి నేనే తోమాను. బాగా మెరుస్తోంది. సొట్ట మాత్రం పోలేదు, పోగొట్టనూ లేదు.

మీ అమ్మతో చెప్పి, పిల్లకి అన్నప్రాశన దాంట్లోనే చేయించు. పెద్దయ్యాక ఆ సొట్ట ఏమిటని అడుగుతుంది. మీ తాయి పుట్టినరోజు ఆనవాలని చెప్పు. కంచం అన్నం తినడానికి.

అజ్జ